తప్పు చెప్పాకే తాడు పట్టుకునే ఊరు

మా విజయనగరంలో నేనుండే వీధిలో ఏటా ఆగస్టు పదిహేనున జెండా ఎగరేస్తారు. ఎగరేసేది ఎప్పుడూ ఒకాయనే. మురుగుకాలవ మీద తన ఇంటి మెట్లు కట్టుకుని, వానొస్తే వీధి వీధంతా మోకాలిలోతు నీళ్ళలో నడిచేట్టు చేసిన మహానుభావుడు. ఆయన పౌరుల బాధ్యత గురించి ముప్పావుగంట మాట్లాడతాడు. మేం చప్పట్లు కొడతాం, లడ్డూ తీసుకుంటాం, ఆ నీళ్ళలోనే ఇంటికొస్తాం. అయిదేళ్ళ కిందట నేను ఆ లడ్డూ మానేశాను. నా కోపం దేశం మీద కాదు, ఆ మైకు మీద.

ఈ సంగతి ఫోన్లో చెబితే ఐజాక్ పగలబడి నవ్వాడు. వాడు గూడ్సు బళ్ళకు గార్డు, నేను టీసీని. ఇరవై ఏళ్ళు రైల్వే క్వార్టర్స్‌లో గోడకు గోడ ఆనుకుని బతికాం. రిటైరయ్యాక వాడు ఎ.కొండూరు దగ్గర తన సొంత ఊరికి వెళ్ళిపోయాడు.

"ఈసారి మా ఊరి జెండా చూడరా. నీకు నచ్చకపోతే నన్ను జన్మలో పలకరించొద్దు" అన్నాడు.

అంత మాట అన్నాక వెళ్ళకపోతే బాగుండదు. వెళ్ళాను. వెళ్ళొచ్చి పదిరోజులైంది. ఊరి పేరు మాత్రం రాయను. రాయనని అక్కడి వాళ్ళకు మాటిచ్చాను.

విజయవాడ నుంచి బస్సు

పదమూడో తారీఖు మధ్యాహ్నం విజయవాడలో తిరువూరు బస్సెక్కాను. నా పక్క సీట్లో ఒక నడివయసు ఆవిడ కూర్చుంది. పత్తిచేలో కలుపు తీయడానికి కూలీలు రావడం లేదని మైలవరం దాకా ఫోన్లో ఎవరినో ఉతికి ఆరేసింది. మైలవరంలో చెకింగ్ వాళ్ళు ఎక్కారు. టికెట్టు చూపించమన్నారు. జేబులో చెయ్యి పెట్టాను. లేదు. రెండో జేబు, సంచి, పర్సు అన్నీ వెతికాను. ఎక్కడా లేదు.

ముప్పై రెండేళ్ళపాటు నేను జనాన్ని ఇలాగే నిలబెట్టాను. "వెతుక్కో నాయనా, తీరిగ్గా వెతుక్కో" అని వెటకారంగా అనడం నాకు భలే ఇష్టంగా ఉండేది. ఆరోజు అదే మాట నాతో అన్నారు. చెవులు వేడెక్కాయి. బస్సంతా నావైపే చూస్తోంది.

పక్కావిడ ఫోను చెవి దగ్గర నుంచి తీసి, "ఆయన టికెట్టు తీసుకోవడం నేను చూశానండి. అయిదొందల నోటిస్తే చిల్లర లేదని కండక్టరు గొణిగాడు కూడాను. దొరక్కపోతే ఆ ఫైనేదో నా దగ్గర రాసుకోండి" అంది. అనేసి మళ్ళీ కలుపు గొడవలో పడిపోయింది.

టికెట్టు చివరికి కళ్ళజోడు పెట్టెలో దొరికింది. ఆవిడకు థాంక్స్ చెబితే, "దేనికండీ, చూసింది చూశానని చెప్పాను" అంది. మా వైపు మేం చెడ్డవాళ్ళమేమీ కాదు గానీ, ఇలాంటప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తాం. నేనైతే కచ్చితంగా అదే చేసేవాణ్ణి.

ఆ తరవాత సిగ్గుతోనో అలసటతోనో కన్ను మూతపడింది. ఎ.కొండూరులో దిగాల్సినవాణ్ణి తిరువూరులో కళ్ళు తెరిచాను. ఐజాక్‌కు ఫోన్ చేస్తే, "టీసీ స్టేషను దాటిపోయాడని ఊరంతా చెబుతా" అన్నాడు. ఆ రాత్రికి తిరువూరులోనే లాడ్జిలో దిగాను.

తిరువూరు పొద్దు

పొద్దున్నే బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో టిఫిన్ చేశాను. ప్లేటు పునుగులు ముప్పై రూపాయలు. దాంతో ఇచ్చిన అల్లప్పచ్చడికి నా కళ్ళమ్మట నీళ్ళు కారాయి. మా వైపు పచ్చడిలో కాస్త బెల్లం ముక్క తగిలిస్తాం. వీళ్ళకు ఆ జాలి లేదు. అయినా రెండో ప్లేటు తెప్పించుకున్నాను.

గల్లాపెట్టె పైన వెంకటేశ్వరస్వామి పటం, దాని పక్కనే మేరీమాత పటం ఉన్నాయి. రెంటికీ ఒకే రకం చామంతి దండలు. అడిగితే ఓనరు, "మా వంటావిడ క్రిస్టియనండి. పొద్దస్తమానం మా దేవుడొక్కడే చూస్తుంటే ఆవిడకి తోచదంట. పోన్లే, వాళ్ళ అమ్మగార్ని కూడా పెట్టుకోమన్నా" అన్నాడు. పెద్ద విషయం చెబుతున్నట్టు కాదు, చట్నీ అయిపోయిందని చెప్పినంత మామూలుగా.

తొమ్మిదింటికి ఐజాక్ మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. దారి పొడుగునా రెండుపక్కలా మామిడితోటలు, మధ్యలో పత్తిచేలు, అక్కడక్కడా నాట్లు వేస్తున్న మళ్ళు. వెనక కూర్చుని నేను చెట్లు చూస్తుంటే వాడు గాలికి గొంతు పెంచి వాళ్ళ ఊరి జెండా కథ చెప్పాడు.

బడిలోనూ పంచాయితీ ఆఫీసులోనూ ప్రభుత్వ పద్ధతిలో జెండాలు ఎగురుతాయి. ఇది వేరే జెండా. గ్రంథాలయం ముందు ఖాళీ స్థలంలో, ఊరిది. ఒకప్పుడు దీన్ని ఎవరు ఎగరెయ్యాలన్న దాని మీద రెండు వర్గాలు కొట్టుకునేదాకా వచ్చాయట. ఒక ఏడు మధ్యాహ్నం దాకా జెండా మడతపెట్టే ఉండిపోయింది. అప్పుడు బడి పంతులమ్మ విసిగిపోయి ఇంటికొక చీటీ రాసి, రాగి బిందెలో వేసి, ఒకటి తీయించింది. అది ఒక కల్లుగీత కార్మికుడి పేరు. పంతులమ్మ మర్యాద కోసం, "అర్హత ఉన్నవాళ్ళే తాడు పట్టుకోవాలి, రండి" అంది. పాపం ఆయన ఆ మాటను నిజమనుకున్నాడు. "నాకు అర్హత లేదమ్మా, బడి బెంచీ చెక్క ఒకటి తీసుకుపోయి మా గేదెల కొట్టానికి కొట్టుకున్నాను" అని అందరి ముందూ చెప్పేశాడు. చివరికి ఎవరో "సరే, విన్నాంలే, లాగు" అన్నారు. లాగాడు.

మరుసటేడు చీటీ వచ్చినవాడికి ఊరకే లాగడానికి మొహం చెల్లలేదు. ఊరికి తను చేసిన తప్పొకటి చెప్పాడు. అంతే, అది కట్టుబాటైపోయింది. ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకోవాలి. ఏం చెప్పాలో పక్కవాడు గుర్తు చెయ్యకూడదు, చెప్పాక దెప్పకూడదు. ఊరు ఒక్క మాటే అనాలి, "విన్నాం" అని. ఆ మాట పడితేనే తాడు లాగాలి.

"అయితే మీ ఊరు ధర్మరాజుల ఊరన్నమాట" అన్నాను.

"నీ మొహం. ఓటుకి డబ్బు తీసుకున్నానని ఒకడు చెప్పుకుంటే విన్నాం అనడానికి సగం ఊరికి గొంతు పెగల్లేదు. ఒకడైతే పంట కాలవకి గండి కొట్టానని చెప్పి, మళ్ళీ ఏడు కూడా అక్కడే కొట్టాడు. ఎక్కువమంది చిన్నది చెప్పి పెద్దది దాచుకుంటారు. కానీ ఒక్కటి మాత్రం చెబుతా. ఆ తాడు దగ్గర నిలబడి ఇంకోడి మతాన్నో కులాన్నో తిట్టినవాడు ఇంతవరకూ లేడు. తన సంగతి తను చెప్పుకునేసరికే తల ప్రాణం తోకకొస్తుంది కదా" అన్నాడు ఐజాక్.

మార్తమ్మ ఇంట్లో భోజనం

మధ్యాహ్నం భోజనానికి ఐజాక్ నన్ను వాళ్ళ పెద్దమ్మ మార్తమ్మ ఇంటికి తీసుకెళ్ళాడు. ఎనభై దాటిన మనిషి. కర్ర లేనిదే లేవలేదు, అయినా గోంగూర మాంసం తనే వండింది. నాలుకకు మంట పుట్టినా విస్తరి వదలబుద్ధి కాలేదు. మా వైపు వచ్చినవాళ్ళకు మొహమాటానికి "ఇంకొంచెం" అంటాం. ఈవిడ అడగదు, వడ్డించేస్తుంది.

గోడ మీద భర్త ఫోటో ఉంది. దావీదు. రత్నంగారనే రైతు మామిడితోటకు ఇరవై ఏళ్ళు కాపలా ఉన్నాడట. ఆ తోట అంచునే క్రైస్తవుల సమాధుల దొడ్డికి దారి. ఈ ఏడు తోట పూత మీద ఉండగా దావీదు పోయాడు. ఆ దారిలోనే తీసుకెళ్ళి పాతిపెట్టారు. ఆ తరవాత ఆ దారి మూసేశారు.

"పూత మీద ఆయన పోయాడండి. కాయ మీద కంప పడింది" అంది మార్తమ్మ. కాయలు దొంగలెత్తుకుపోతున్నారని రత్నంగారు దారికి అడ్డంగా ముళ్ళకంప వేయించాడు. కాయలు దించాడు గానీ కంప తియ్యలేదు. కుర్రాళ్ళయితే వెనకవైపు వాగులో దిగి అవతలికి ఎక్కుతారు. ఈ మోకాళ్ళతో ఆవిడ దిగలేదు. కంప పడ్డాక ఆవిడ భర్త సమాధి చూడనే లేదు.

"అడగలేదా?"

"చర్చి సంఘం పెద్దలెళ్ళి అడిగారు. చూద్దాం అన్నాడంట. చూస్తానే ఉన్నాడు."

"కంప్లయింట్ ఇవ్వొచ్చుగా?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "ఇరవై ఏళ్ళు ఆయన తిండి తిన్నామండి. మా ఆయనకి జొరమొస్తే కార్లో తిరువూరు తీసుకెళ్ళింది ఆయనే. పోలీసుల్ని ఎట్టా పిలుస్తాను? అట్టాగని నా మొగుడి దగ్గరికి నేను పోకుండా ఎట్టా ఉంటాను? రెండూ నా వల్ల కాట్లేదు."

నేను మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాను.

రాగి బిందె

సాయంత్రం అయిదింటికి గ్రంథాలయం ముందు చీటీ తీశారు. కిందటేడు జెండా ఎగరేసినవాళ్ళే ఈ ఏటి చీటీ తియ్యాలి. కిందటేడు ఎగరేసింది ఒక దర్జీ. ఆయన తీసి, విప్పి, ఒక్క క్షణం ఆగి చదివాడు. రత్నంగారి పేరు.

ఎవరూ ఏమీ అనలేదు. అనకూడదు కదా. కానీ అన్ని తలలూ మార్తమ్మ కూర్చున్న అరుగు వైపు ఒకసారి తిరిగి మళ్ళీ ఇటు తిరిగాయి. రత్నంగారు పొడుగాటి మనిషి, అరవై అయిదు ఉంటాయి. "అట్టాగే, పొద్దున వస్తా" అని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

"రేపు ఏం చెబుతాడంటావ్?" అన్నాను.

"నీళ్ళ ట్యాంకు సంగతి చెబుతాడు చూడు. ఎండాకాలంలో పైపుకి మోటారు పెట్టాడులే. అది చెప్పి బయటపడతాడు."

"కంప సంగతి?"

"తాడు దగ్గర చెప్పకపోతే ఇంక జన్మలో చెప్పడు. ఆ కంప అక్కడే ఎండి, ఇంకో కంప పడుద్ది. ఈలోపు పెద్దమ్మ పోతే ఆవిణ్ణి కూడా మేం వాగులోంచే మోసుకెళ్ళాలి" అన్నాడు ఐజాక్. వాడి గొంతులో అంత కోపం నేనెప్పుడూ వినలేదు.

ఆగస్టు పదిహేను

రాత్రి పడ్డ జల్లుకు నేల మెత్తగా ఉంది. ఎనిమిదింటికి ఊరంతా చేరింది. మైకు సెట్టు సంగతి చెప్పాలి. గ్రంథాలయం డాబా మీద కట్టిన హారన్లు చర్చివి, కింద పెట్టిన యాంప్లిఫయరు రామాలయం కమిటీది. శ్రీరామనవమికీ క్రిస్మస్‌కీ కూడా ఇదే ఏర్పాటట. విడివిడిగా ఎవరిదీ పనిచెయ్యదు. మా వీధిలో అయితే రెండు సెట్లు కొని, ఎవరిది పెద్దగా మోగుతుందో చూసుకునేవాళ్ళు.

రత్నంగారు ఇస్త్రీ పంచెలో వచ్చాడు. స్తంభం దగ్గర నిలబడి మైకు ముందు గొంతు సవరించుకున్నాడు.

"అందరికీ నమస్కారం. ఎండాకాలంలో ట్యాంకు పైపుకి మోటారు పెట్టి నీళ్ళు లాగాను. మూడ్రోజులు పై వీధికి నీళ్ళు రాలేదు. తప్పే."

ఐజాక్ నా మోచెయ్యి గిల్లాడు. "విన్నాం" అనాలి, ఎవరికీ నోరు రావడం లేదు. అనకపోతే కట్టుబాటు తప్పినట్టు, అంటే కంప సంగతి దాచడానికి ఒప్పుకున్నట్టు. పంతులమ్మ తల దించుకుంది. స్తంభం మీద జెండా మూటగట్టి ఉంది.

అప్పుడు అరుగు మీద నుంచి మార్తమ్మ కర్ర పట్టుకుని లేచి నిలబడింది.

"విన్నాం అయ్యా" అంది. గొంతులో దెప్పు లేదు, వెటకారం లేదు. అందరికీ ఎలా చెబుతారో అలాగే చెప్పింది. అందరికన్నా ముందు చెప్పింది. ఆ వెనక జనం కూడా గొణిగినట్టు "విన్నాం" అన్నారు.

రత్నంగారు తాడు పట్టుకున్నాడు. లాగలేదు. ముప్పై రెండేళ్ళు నేను మొహాలు చదివి బతికినవాణ్ణి. టికెట్టు లేనివాడు జేబులు తడుముకునేటప్పటి మొహం అది. మొన్న బస్సులో నా మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది. ఆయన తాడు వదిలేశాడు.

"ఆగండి. అది కాదు. ఇంకోటుంది" అన్నాడు. గొంతు సగానికి పడిపోయింది. "తోట పక్క దారి నాది కాదు. మా నాన్న హయాం నుంచీ సమాధులకి పోయే దారే. కాయలు పోతున్నాయని కంప వేయించాను. దించాకైనా తియ్యలా. మార్తమ్మ నోరు తెరిచి అడగలేదుగా అని ఊరుకున్నా."

ముందు వరసలో ఆయన కొడుకు చివాల్న లేచాడు. "నాన్నా, ఇంక చాల్లే, లాగెయ్."

"కూర్చోరా" అన్నాడాయన.

ఈసారి "విన్నాం" అనడానికి అందరికీ నోరొచ్చింది, కానీ అందరూ మార్తమ్మ కోసం ఆగారు. ఆవిడ ఇంకా నిలబడే ఉంది.

"నేను విన్నానయ్యా. మా ఆయన కూడా వినాలిగా. ఆయనకి వినబడేట్టు కాస్త గట్టిగా చెప్పండి."

ఎవరూ నవ్వలేదు. ఐజాక్ నా పక్క నుంచి లేచి, అరవై మూడేళ్ళ మనిషి, గబగబా డాబా మెట్లెక్కాడు. వీధి వైపున్న హారన్ల కట్లు విప్పి ఒకదాన్ని మామిడితోట వైపు తిప్పి పట్టుకున్నాడు. రామాలయం కమిటీ ఆయన యాంప్లిఫయర్ మీట బాగా పెంచాడు. రత్నంగారు మైకును రెండు చేతులా పట్టుకున్నాడు.

"దావీదూ!" అన్నాడు. ఆ పిలుపు తోట మీదుగా పోయి మళ్ళీ వెనక్కి వినిపించింది. ఇరవై ఏళ్ళు ఆ తోట గట్టున నిలబడి ఆయన అలాగే పిలిచి ఉంటాడు. "దావీదూ, నీ దారికి కంప వేసింది నేనే. తప్పు చేశాను. ఇయ్యాళ తీసేస్తా."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. దేశభక్తి అంటే ఏమిటో చాలామంది చాలాసేపు చెప్పగా విన్నాను. ఆ పూట మాత్రం ఎవరూ చెప్పలేదు, నాకు తెలిసింది.

"విన్నాం" అంది మార్తమ్మ. ఊరంతా ఒక్క గొంతుతో "విన్నాం" అంది. తాడు కదిలింది. జెండా విప్పుకుని పూలు రాలాయి. జనగణమన పాడేటప్పుడు నా గొంతు మా పక్కవాళ్ళకు ఇబ్బందిగా ఉండే ఉంటుంది, ఎందుకంటే చాలా ఏళ్ళ తరవాత పైకి పాడాను.

దారి

లడ్డూలు పంచుతుండగానే రత్నంగారు ఇంటికెళ్ళి కంప లాగే కొక్కెం కర్ర, కొడవలి తెచ్చుకున్నాడు. తోటలో పనివాళ్ళు ముందుకొస్తే వద్దన్నాడు. ఇస్త్రీ పంచె ఎగ్గట్టి తనే కంప లాగడం మొదలుపెట్టాడు. నెలల తరబడి ఎండిన కంప. లాగిన కొద్దీ విరిగి దారంతా ముళ్ళు రాలాయి. మోచేతుల మీద గీరుకుని రక్తం వచ్చింది. కొంతసేపు దూరంగా నిలబడి చూసిన కొడుకు, ఆఖరికి వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. మొహం మాత్రం ముడుచుకునే ఉన్నాడు.

మనిషి పట్టేంత దారి పడగానే మార్తమ్మ లేచింది. ఐజాక్ చెయ్యి పట్టుకోబోతే వదిలించుకుని, కర్ర ఊనుకుంటూ ఒక్కతే నడిచింది. సమాధి మీద గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఆవిడ దాని పక్కన కూర్చుని, కాసేపు ఏదో మాట్లాడుకుంది. ఆ మాటలు వినకూడదని మేం అందరం దారి మొదట్లోనే ఆగాం.

రత్నంగారు కూడా అక్కడే ఆగాడు. లోపలికి వెళ్ళాలో వద్దో తేల్చుకోలేక కొడవలి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు. మార్తమ్మ తల తిప్పి చూసింది.

"రండయ్యా. ఇంతదూరం వచ్చి ఆగుతారేంటి. ఆ కొడవలి కూడా తెండి, గడ్డి కోద్దాం."

ఆయన ఒంగి చెప్పులు విప్పి గట్టు పక్కన పెట్టాడు.

"ఇక్కడ విప్పక్కర్లేదండి" అంది మార్తమ్మ. "దారంతా ముళ్ళున్నాయి, వేసుకోండి."

"నేను వేయించినవేగా మార్తమ్మా" అని ఆయన ఒట్టికాళ్ళతోనే లోపలికి నడిచాడు.